పిడకల పొయ్యి – పాల ఖాతా

పాడి ఉన్న ఇంట పాలకు లెక్క ఉన్నది. సంఘంలో వెన్న శాతం చూచి, చీటీ వ్రాసి, బిల్లు డబ్బు ఖాతాలో జమ చేస్తున్నారు. పేడకు మాత్రం లెక్క లేదు. ఒక గేదె రోజుకు సుమారు 10 నుండి 15 కిలోల పేడ వేస్తుంది. అందులో కొంత పెంటదిబ్బకు, కొంత పిడకలై పొయ్యిలోకి పోతున్నది.

పిడక కాలితే ఆ వేడిలో సుమారు పదో వంతు మాత్రమే గిన్నెకు అందుతుంది. పొగ సంగతి వంట చేసే ఆడవారికి ఒకరు చెప్పనక్కరలేదు. పొలానికి చేరవలసిన నత్రజని కూడా ఆ మంటలోనే పోతుంది. తరువాత దానినే యూరియా బస్తాగా కొంటున్నాము.

అదే పేడను గోబర్ గ్యాస్ ప్లాంటులో వేస్తే గ్యాసూ వస్తుంది, ఎరువూ మిగులుతుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. నాలుగైదు పశువులుంటే చాలును. ఐదుగురి వంట జరుగుతుంది. ఒకే గేదె ఉన్నవారు ఇంత ప్లాంటు కట్టించడం దండుగ. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకరియాపుర గ్రామంలో జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు తోడ్పాటుతో మహిళలు ఇండ్లవద్ద ప్లాంట్లు పెట్టుకొని, ప్లాంటు నుండి వెలువడే పేడ ద్రవంలో తమ పొలానికి పోగా మిగిలినదానిని ఎరువుల తయారీకి అమ్ముకొన్నారు.

కట్టించడానికి డబ్బేది అని సభ్యులు అడుగుతారు. ఇక్కడే పాల ఖాతా పనికివస్తుంది. సంఘం జమచేసే ప్రతి బిల్లూ బ్యాంకువారికి ఆదాయపు ఋజువు. డబ్బు ఆ రోజే తీసుకున్నా, జమ అయినట్లు నమోదు ఉండిపోతుంది. అయితే పాలు పోసేది తల్లి, ఖాతా కొడుకు పేర అయితే ఆ ఋజువు ఆమెకు ఉపయోగపడదు. ఇట్లు ఉన్నవారు కార్యదర్శిని కలిసి, పోసేవారి పేరనే ఖాతా నమోదు చేయించుకోవాలి.

2018–19 బడ్జెట్‌తో పాడి రైతులకు కూడా వర్తింపజేసిన కిసాన్ క్రెడిట్ కార్డు దాణా, పశువైద్యం వంటి రోజువారీ ఖర్చులకే, ప్లాంటుకు కాదు. దానికి టర్మ్ లోను వేరుగా అడగాలి. సబ్సిడీ ఉన్నదేమో గొయ్యి త్రవ్వకముందే విచారించాలి. అయినా కార్డు వలన మేలు చిన్నది కాదు. దాణాకై వ్యాపారి వద్ద అడ్వాన్సు తీసుకొని, అతనికే పాలు పోయవలసిన అగత్యం తగ్గుతుంది.

ఫోనులో డబ్బు నడిపేవారికి ఒక హెచ్చరిక. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. “పాల బోనసు వచ్చింది, పిన్ నొక్కండి” అని ఎవరైనా అంటే ఫోను పెట్టివేయండి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయాలి.