బారన్ బిరుదము, రాయపూరు సిన్హా

ఐరోపా ప్రభువంశ బిరుదములలో ‘బారన్’ అనునది, తొలుత ‘మనుష్యుఁడు’ అను సామాన్యార్థము గలదై, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, రాజునొద్ద నేరుగా భూమిఁ బొంది, అందులకుఁ బ్రతిగా యుద్ధకాలమున యోధులఁ బంపవలసిన సామంతునకుఁ బేరయ్యెను. డ్యూకుతో మొదలగు ఐదంతస్తులలో నిది కడపటిది.

ఈ బిరుదము 1919లో వంశపారంపర్యముగా ఒక భారతీయునకు లభించినది. ఆయన సత్యేంద్ర ప్రసన్న సిన్హా, ‘రాయపూరు బారన్’. ఈ రాయపూరు వంగదేశమున బీర్భూము జిల్లాలోని గ్రామము. ఆంగ్ల ప్రభువుల సభలో నాసీనుఁడైన ప్రథమ భారతీయుఁడాయనయే. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టమును ఆ సభలో నడిపించినవాఁడును ఆయనయే. పూర్వము సైన్యమునిచ్చిన సామంతులకుఁ జెల్లిన గౌరవము ఒక న్యాయవాది ప్రజ్ఞకు దక్కుట మిక్కిలి శ్లాఘనీయము. మరుసటి యేఁడాయన బీహారు-ఒరిస్సా రాష్ట్రమునకు గవర్నరయ్యెను.