బావి ఈత – పోటీ ఈత

కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో పిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని వ్యవసాయపు బావులలో ఈత నేర్తురు. అచట నీరెంత ఎగసిన దూకునకంత మెప్పు. కళాశాలల పోటీలలో ఇది తలక్రిందులు; నీరు చిందినకొలది మార్కులు తగ్గును. ఐదుగురు న్యాయనిర్ణేతలు 6, 6.5, 7, 7, 8 ఇచ్చిరనుకొందము. మొదటిదియు చివరిదియు తీసివేసి, మిగిలిన 20.5ను ఆ దూకునకు నిర్ణయించిన కష్టాంకముతో హెచ్చింతురు. అది 2 అయినచో ఫలితము 41.

ఈతలో చిక్కు వేరు. బావిలో నాలుగు బారలకే గట్టు వచ్చును. 50 మీటర్ల కొలనులో 100 మీటర్ల పందెమనగా, నడుమ గోడను పాదములతో తన్ని వెనుదిరుగవలెను. కరీంనగరము విద్యార్థి శాతవాహన, ఆదిలాబాదు విద్యార్థి కాకతీయ విశ్వవిద్యాలయపు జట్టునకు ఎంపికైన పిమ్మటనే అంతర్విశ్వవిద్యాలయ పోటీలు. బావి ఈతగానికి దమ్ము తక్కువ గాదు. ఆ మలుపే ముందుగా నేర్పవలెనని మా అభిప్రాయము.