చెక్కు మీది రెండు గీతలు ఎవరి పక్షం?

సూరత్‌లో బమ్రోలి, పాండేసరా, ఉధ్నా, లింబాయత్ పేర్లు తెలంగాణ నేత కుటుంబాలకు కొత్త కాదు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఈ నగరంలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నారు. ఇక్కడ పగారు చాలాచోట్ల నగదుగానే చేతికందుతుంది. చెక్కు వచ్చేది మాత్రం పెద్ద లెక్క తేలినప్పుడే. పని మానేసి ఊరికి వెళ్లేటప్పుడు పాత బాకీ కింద సేఠ్ రాసిస్తాడు, లేదా నాలుగు సాంచాలు పెట్టుకున్న చిన్న ఆసామికి గుడ్డ కొన్న వ్యాపారి రాసిస్తాడు. అలాంటి చెక్కు పట్టుకుని బ్యాంకుకు పోతే, కౌంటర్ దగ్గర వినిపించే మాట తరచుగా ఒకటే: 'ఇది ఇక్కడ మారదు.' ఎందుకు మారదో అడిగే ధైర్యం అందరికీ ఉండదు, అడిగినా జవాబు గుజరాతీలోనో హిందీలోనో గబగబా వచ్చేస్తుంది. దాంతో బ్యాంకు షరతులన్నీ పేదవాణ్ని తిప్పించుకోవడానికేనన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. నా దృష్టిలో అది సగమే నిజం. ఆ షరతుల్లో చట్టం పెట్టినవి కొన్ని, బ్యాంకులు తమ వీలు కోసం అలవాటు చేసుకున్నవి కొన్ని. మొదటివి చాలావరకు చెక్కు పుచ్చుకున్నవాడి పక్షానే ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు. రెండోవాటిని నిలదీయవచ్చు. ఏది ఏ రకమో తెలియకపోవడం వల్లే మనవాళ్లు నష్టపోతున్నారు.

ముందు చెక్కు అంటే ఏమిటో చూద్దాం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం అది డబ్బు కాదు, ఖాతాదారు తన బ్యాంకుకు ఇచ్చే ఆదేశం. ఖాతాలో సరిపడా డబ్బుంటే బ్యాంకు చెల్లించి తీరాలని ఆ చట్టంలోని 31వ సెక్షన్ చెబుతుంది. అయితే అకారణంగా చెల్లించకపోతే బ్యాంకు పరిహారం ఇవ్వాల్సింది చెక్కు రాసినవాడికి, తెచ్చినవాడికి కాదు. చాలామందికి మింగుడుపడని సంగతి ఇది. చెక్కు తెచ్చిన కార్మికుడికి ఆ బ్యాంకు మీద నేరుగా హక్కు లేదు, అతని హక్కంతా సేఠ్ మీదే. అందుకే కౌంటర్ దగ్గర గుమాస్తాతో ఎంత వాదించినా ఫలితం తక్కువ. చెల్లించకుండా తిప్పి పంపినట్టు కారణం రాసిన మెమో అడిగి తీసుకోవడం, దాన్ని సేఠ్ ముందు పెట్టడం అంతకన్నా బలమైన పని.

చెక్కు కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పేరు రాసే గీత చివర హిందీలో 'యా ధారక్ కో' అనీ, పక్కనే ఇంగ్లిషులో 'ఆర్ బేరర్' అనీ అచ్చువేసి ఉంటుంది. దాన్ని కొట్టేయకపోతే ఆ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వారు నగదు తీసుకోవచ్చు. పేరున్న మనిషే వచ్చాడా అని చూడాల్సిన బాధ్యత బ్యాంకుకు పెద్దగా ఉండదు; సక్రమంగా చెల్లిస్తే చాలు, 85వ సెక్షన్ దానికి రక్షణ ఇస్తుంది. ఎడమవైపు పై మూలలో రెండు అడ్డగీతలు పడితే కథ మారుతుంది. అప్పుడు కౌంటర్‌లో నగదు ఇవ్వడానికి వీల్లేదు, ఏదైనా బ్యాంకు ఖాతా ద్వారానే వసూలు కావాలి. ఆ గీతల మధ్య 'అకౌంట్ పేయీ' అని రాస్తే పేరున్న మనిషి ఖాతాలో తప్ప మరొకరి ఖాతాలో వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. సహకార పరపతి సంఘాల సభ్యులకు మాత్రం చిన్న వెసులుబాటు ఉంది: 50 వేల రూపాయలు మించని చెక్కును సంఘం ఖాతా ద్వారా బ్యాంకు వసూలు చేసిపెట్టవచ్చు.

'రెక్కాడితేగాని డొక్కాడని వాడికి గీతల చెక్కు ఎందుకు, ఇవాళే నగదు కావాలి కదా' అనేవారున్నారు. ఆ ఇబ్బందిని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ చెక్కు బౌన్స్ అయిన రోజున ఈ రెండు గీతల విలువ తెలుస్తుంది. న్యాయంగా రావలసిన బాకీ కింద ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తే 138వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక కేసు ఎక్కడ వేయాలన్నది వలస కార్మికుడికి ప్రాణంలాంటి ప్రశ్న. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం చెక్కు రాసినవాడి బ్యాంకు ఉన్నచోటే కేసు వేయాల్సివచ్చేది. 2015లో చట్టాన్ని సవరించారు. చెక్కును ఖాతాలో వేసి వసూలుకు పంపితే, పుచ్చుకున్నవాడి ఖాతా ఏ శాఖలో ఉందో ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు. ఖాతాలో వేయకుండా కౌంటర్‌లో నగదు కోసం ఇస్తే మాత్రం, రాసినవాడి ఖాతా ఉన్న శాఖ ప్రాంతపు కోర్టుకే పోవాలి. అంటే బమ్రోలి సేఠ్ ఇచ్చిన చెక్కును తన సొంతూరు సిరిసిల్లలోని ఖాతాలో వేసుకున్నవాడు సిరిసిల్లలోనే కేసు వేయవచ్చు. అదే చెక్కును బేరర్‌గా సూరత్ కౌంటర్‌లో ఇచ్చి భంగపడ్డవాడు ప్రతి వాయిదాకూ రైలెక్కాలి. ఒక్కరోజు ముందు నగదు చేతికొస్తుందన్న ఆశకు ఇంత ధర చెల్లించడం తగదని నా నమ్మకం.

ఆ ఒక్కరోజు తేడా కూడా ఇప్పుడు చాలా తగ్గింది. 2025 అక్టోబరు 4 నుంచి పగటివేళ అందిన చెక్కుల చిత్రాలు ఎప్పటికప్పుడు క్లియరింగ్‌కు వెళుతున్నాయి. చెల్లించాల్సిన బ్యాంకు అదేరోజు రాత్రి 7 లోగా అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. గడువులు మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుబాటు, 2012 ఏప్రిల్‌కు ముందు ఉన్న ఆరు నెలలు ఇప్పుడు లేవు. బౌన్స్ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత ఒక నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఊరెళ్లి పండగ చేసుకుని వచ్చాక చూద్దామనుకుంటే చేతిలోని హక్కు జారిపోతుంది.

ఇక బ్యాంకుల అలవాట్ల సంగతి. ఖాతా లేని మనిషి 50 వేలు, అంతకు మించి నగదు లావాదేవీ చేస్తే గుర్తింపు పత్రం అడగాలన్నది రిజర్వు బ్యాంకు నియమం, అందులో తప్పులేదు. చెక్కు మీద దిద్దుబాట్లు ఒప్పుకోరన్నదీ నిజమే, కానీ ఆ నిషేధం చిత్రాల ద్వారా క్లియరింగ్‌కు వెళ్లే చెక్కులకే వర్తిస్తుంది. కౌంటర్ నగదు చెల్లింపునకు వర్తించదని రిజర్వు బ్యాంకే వివరణ ఇచ్చింది. చెక్కును పెట్టెలోనే వేసి పొమ్మనడం మాత్రం ఒట్టి అలవాటు. కౌంటర్‌లో ఇచ్చి రసీదు అడిగితే ఏ శాఖా కాదనకూడదు. రసీదు లేకుండా పెట్టెలో వేసిన చెక్కు పోతే ఎవరికి చెప్పుకుంటారు? మోసాలు పెరిగాయి కాబట్టి జాగ్రత్త తప్పదని బ్యాంకులు అంటాయి. ఒప్పుకుందాం. ఆ జాగ్రత్త కోసమే 2021 జనవరి నుంచి పాజిటివ్ పే వచ్చింది: 50 వేలు, ఆపై చెక్కుల వివరాలను రాసినవారు ముందే బ్యాంకుకు తెలపవచ్చు, 5 లక్షలు, ఆపై మొత్తాలకు బ్యాంకు దాన్ని తప్పనిసరి చేయవచ్చు. జాగ్రత్తకు పద్ధతి ఉన్నప్పుడు, రసీదు ఇవ్వకపోవడం జాగ్రత్త కిందికి రాదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. గుజరాత్‌లో సొంతపేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు. సేఠ్ తన అలవాటుకొద్దీ రాసిన పేరు పాస్‌బుక్‌లో పేరుతో కలవకపోతే చెక్కు తిరిగిరావచ్చు. కనుక చెక్కు రాయించుకునేటప్పుడే పాస్‌బుక్ మొదటి పేజీ చూపించాలి. భాష విషయం మరొకటి. చెక్కును హిందీ, ఇంగ్లిషు లేదా ఆ ప్రాంతపు భాషలో రాయవచ్చని నియమం. సూరత్‌లో ప్రాంతీయ భాష గుజరాతీ, తెలుగు కాదు. తెలుగు తప్ప మరో అక్షరం రానివాడు తన చెక్కు నింపడానికి ఇంకొకరి మీద ఆధారపడతాడు. అక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. అప్పుకు హామీగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాడు నింపుకున్నా, బాకీ ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లేదని రుజువు చేసుకోవాల్సిన భారం సంతకం చేసినవాడిదే.

ఫోనులోనే డబ్బు వస్తుంటే ఈ చెక్కుల గొడవ ఎందుకన్న ప్రశ్నా ఉంది. వెంటనే వచ్చే డబ్బుకు ఫోనే మేలు. కానీ 'వచ్చే నెల ఇస్తా' అన్న మాటకు ఫోనులో సంతకం ఉండదు. రాబోయే తేదీ వేసి ఇచ్చిన చెక్కు ఆ మాటను చట్టం గుర్తించే కాగితంగా మారుస్తుంది. బట్ట మార్కెట్ అరువు మీద నడిచినంతకాలం చిన్న ఆసామికి ఆ కాగితమే అండ.

బ్యాంకు 30 రోజుల్లో ఫిర్యాదు తీర్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, రుసుము లేదు, వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. కానీ ఫిర్యాదు చేయాలన్నా ముందు నియమాలు తెలియాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది, అంటే ఈ నగరం మన భాషకు చోటిచ్చింది. అలాంటప్పుడు బమ్రోలి, లింబాయత్ శాఖల్లో చెక్కు నియమాలు తెలుగులో ఒక్క పేజీ గోడకు అంటించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సూరత్ తెలుగు సంఘాలు ఈ ఏడాది ఆ ఒక్క పని చేయించాలి.