బట్టలుతుకు యంత్రము పిండనిచో

గడచిన వర్షకాలమున మా వసతిగృహమందలి బట్టలుతుకు యంత్రము ఉతుకుట మానలేదు గాని, పిండుట మానివేసెను. నాలుగు దినములుగా ముసురు విడువలేదు. నలువదిమంది బాలుర చొక్కాలును లాగులును వసారాలోని త్రాళ్లపై నీరోడుచు వ్రేలాడుచుండెను. ఒక్కొక్కరికి ఉన్నవి రెండేసి జతలు. తడి యారని బట్టలు తొడిగికొని బడికి వచ్చిన చిన్నపిల్లలలో ఇద్దరికి అప్పుడే తామర లేచెను. యంత్రమును చూడవచ్చిన మరమ్మతుదారుడు, మోటారు కాలిపోయినదనియు, క్రొత్తది వేయక తప్పదనియు చెప్పి వెడలిపోయెను. అంత సొమ్ము వెంటనే పెట్టుటకు మాకు శక్తి లేదు. అందుచే మేమును, పై తరగతి విద్యార్థులు కొందరును గూడి ఆ యంత్రమును విప్పి చూడ నిశ్చయించితిమి. అప్పుడు తెలిసికొన్న సంగతులు ఇండ్లలో ఇట్టి యంత్రములు గల తల్లిదండ్రులకు ఉపయోగించునని తలచి ఇచట వ్రాయుచున్నాము.

మాది రెండు తొట్ల యంత్రము. ఒక తొట్టిలో ఉతికిన బట్టలను చేతితో తీసి రెండవ దానిలో వేయవలెను. ఈ రెండవ తొట్టిని మనవారు డ్రయ్యరు అందురు. ఆ పేరు సరికాదు. అది ఆరబెట్టదు, పిండును. వడిసెలలో పెట్టి త్రిప్పిన రాయి పట్టు విడిచినతోడనే తిన్నగా దూసికొనిపోవును గదా! తొట్టి గోడ బట్టను పట్టి యుంచును గాని, రంధ్రములయొద్ద నీటిని పట్టి యుంచునది ఏదియు లేదు. కావున నీరు వెలుపలికి పోవును. తొట్టి నిమిషమునకు సుమారు 1350 చుట్లు తిరుగుననియు, దాని వ్యాసార్ధము 11 సెంటీమీటర్లనియు అనుకొందము. అప్పుడు గోడయొద్ద త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు రమారమి 220 రెట్లగును. (పదవ తరగతివారు దీనిని స్వయముగా లెక్కించి చూడవలెను.) ఎంతటి బలవంతుడైనను దుప్పటిని ఈ విధముగా పిండజాలడు.

పిండు తొట్టి క్రింద ఒక మోటారు నిలువుగా నుండును. ఉతుకు తొట్టికి వలె దీనికి బెల్టు లేదు. మోటారు ఇరుసునకే తొట్టి ఇరుసు తగిలింపబడి యుండును. రెండును కలియుచోట ఒక బ్రేకు చక్రము కలదు. మూత తెరచినప్పుడు స్ప్రింగు బలముచే బ్రేకు షూ ఆ చక్రమును పట్టుకొనును. మూత వేసినప్పుడు ఒక వైరు దానిని లాగి విడిపించును. మూతయొద్దనే ఒక స్విచ్చియు కలదు. టైమరు, మూత స్విచ్చి, మోటారు ఒకే వరుసలో నున్నవి. మొదటి రెంటిలో ఏది చెడినను మోటారునకు కరెంటు చేరదు. ఇరుసు బయటి తొట్టి అడుగును దాటుచోట నీరు కారకుండ రబ్బరు సీలు నమర్చెదరు. ఈ సీలును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దానియొద్దకు రావలసి యున్నది.

లోపమును వెదకుటకు మొదటి పరికరము చెవి. టైమరు త్రిప్పి, మూత వేసి వినవలెను. ఏ శబ్దమును లేక, ఉతుకు తొట్టి మాత్రము పనిచేయుచున్నచో, ఇంటి కరెంటును ప్లగ్గును నిర్దోషులు. మూత సరిగా కూర్చున్నదా, స్విచ్చి చెడినదా, టైమరు చెడినదా, వైరు తెగినదా యని వరుసగా చూడవలెను. మన యిండ్లలో ఎలుకల నేరము తక్కువది కాదు. అడుగు మూయబడని యంత్రమున దూరి అవి వైర్లను కొరుకును. తొట్టి తిరుగుచు దడదడ కొట్టుకొనుచున్నచో బట్టలు ఒక ప్రక్కకు చేరినవని యెరుగవలెను. తీసి సరిగా సర్దిన చాలును.

మా యంత్రము ఊరకుండలేదు, మూలిగెను. వసతిగృహపు ఆయమ్మ మొదటనే వచ్చి, "మాస్టారూ, మూలుగుతోందండి, తిరగటం లేదు" అని చెప్పినది. మరమ్మతుదారుని మాటకంటె ఈ మాటయందే మాకెక్కువ విషయము దొరకినది. మూలిగినదనగా కరెంటు మోటారు వరకు వచ్చుచున్నది. టైమరును మూత స్విచ్చియు బాగుగనే యున్నవి. కాలిన తీగచుట్ట వాసన దాగదు; మాకట్టి వాసన తగులలేదు. అయితే మూలుగుచున్న మోటారును కొన్ని క్షణములకు మించి ఉంచరాదు. తిరుగక నిలిచిన మోటారు మామూలు కంటె మిక్కిలి హెచ్చు కరెంటును లాగి, అప్పుడు నిజముగనే కాలిపోవును.

మూలుగునకు కారణములు ముఖ్యముగా మూడు. ఒకటి, రెండు గోడల నడుమ జేబురుమాలో మేజోడో జారి చిక్కుకొనుట. బట్టలపై అదుముటకిచ్చిన ప్లాస్టిక్ బిళ్లను వేయని యిండ్లలో ఇది తరచు జరుగును. రెండవది, బ్రేకు విడువకుండుట. ఇచట ఒక పొరపాటు కలదు. మూత తెరచి తొట్టిని చేతితో త్రిప్పిచూచి, బిగుసుకొనిపోయినదని కొందరందురు. మూత తెరచియున్నప్పుడు బ్రేకు పట్టియుండుట దాని ధర్మము! ప్లగ్గు తీసి, మూత వేసి, వెనుక పలక విప్పి, క్రింద బ్రేకు చక్రమును త్రిప్పి చూచినగాని నిజము తెలియదు.

మూడవది కెపాసిటరు. ఫ్యాను బాగుచేయువారు దీనినే కండెన్సరు అందురు. మన యిండ్లకు వచ్చు కరెంటు మోటారులోని తీగచుట్టను ముందునకు వెనుకకు మాత్రమే ఊపును, త్రిప్పదు. సైకిలు పెడలు సరిగా పైన నిలిచినప్పుడు దానిని తిన్నగా క్రిందికి ఎంత త్రొక్కినను చక్రము కదలదు; ప్రక్కకొక చిన్న త్రోపు కావలెను. కెపాసిటరు రెండవ తీగచుట్టలోని కరెంటు వేళను మార్చి ఆ త్రోపు నిచ్చును. అది నీరసించినచో మోటారు మూలుగును. దానిపై ముద్రించిన మైక్రోఫారడు అంకెయు, వోల్టు అంకెయు చూచి అట్టిదానినే తేవలెను. ప్లగ్గు తీసిన తరువాత గూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచి యుండవచ్చును. బాలురు దానిని తాకరాదు. తెలిసినవారిచే దానిని ఖాళీ చేయించవలెను.

మీటనొక్కిన చాలునను నూతన యంత్రములు గల తల్లిదండ్రులు మొదట నీరు పోవుచున్నదేమో చూతురు గాక. నీరు పూర్తిగా పోనిదే అవి పిండుటకు మొదలిడవు. పంపునొద్ద వడపోత యున్న యంత్రములలో గుండీలు, నాణెములు, నూలుపోగులు అచట పేరుకొనును.

ఒక సంగతి దాచక చెప్పవలసి యున్నది. మూత స్విచ్చి మొరాయించుచున్నదని పూర్వమొకప్పుడు మా పై తరగతి బాలుడొకడు దాని రెండు వైర్లను కలిపి ముడివేసెను. యంత్రము చక్కగా తిరిగెను, మూత తెరచినను తిరిగెను! ఒక చిన్నవాడు తన చొక్కాకై చేయి పెట్టబోగా ఆయమ్మ వాని రెక్క పట్టి లాగినది. తిరుగుచున్న తొట్టిలోని తడిబట్ట వ్రేలికి చుట్టుకొన్న యెడల చేయి విరుగును. ఆ ముడిని మేము నాడే విప్పించి క్రొత్త స్విచ్చి వేయించితిమి. ఆ స్విచ్చి వెల చాల స్వల్పము.

ఇక మా యంత్రపు గతి. ప్లగ్గు తీసి, వెనుక పలక విప్పి, మూత వేసి చూడగా బ్రేకు వైరు బిగువుగనే యుండెను గాని, షూ కదలలేదు. దాని కీలు తుప్పుతో పట్టివేసి యుండెను. తుప్పు గీకి, నూనె వేసి మూసివేయుదమని బాలురనిరి. నూనె షూకు తగిలినచో బ్రేకు పట్టదని మేము వారించితిమి. అంతలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "ఇక్కడికి నీళ్లెట్లా వచ్చినయి మాస్టారూ?" అని యడిగెను. నీటి గొట్టమును పైకెత్తి కట్టి, పిండు తొట్టిలో రెండు చెంబుల నీరు పోసి కనిపెట్టితిమి. కొంతసేపటికి ఇరుసు వెంబడి చుక్క, దాని వెనుక మరియొక చుక్క జారి బ్రేకుపై పడెను. రబ్బరు సీలు చిరిగియుండెను. ఆ చిరుగును విడిచి మోటారు మార్చియుండినచో క్రొత్త మోటారుపై గూడ అదే నీరు పడియుండెడిది.

బజారునుండి ఎలక్ట్రీషియనును పిలిపించి మోటారు తీగచుట్టను పరీక్ష చేయించితిమి. అది బాగుగ నున్నది. అతడే తొట్టిని పైకి తీసి, సీలును బ్రేకు షూను మార్చెను. ఆ సాయంకాలమే అయిదు నిమిషములు త్రిప్పి, ఆయమ్మ ఒక దుప్పటిని పైకెత్తి చూపినది; బొట్టు రాలలేదు. ఇప్పుడు నెలకొకసారి రాత్రి యంత్రము క్రింద పాత వార్తాపత్రిక పరచి, తెల్లవారి దానిని తీసి చూచుచున్నాము. ఇంతవరకు పొడిగానే యున్నది.