వీసా వచ్చింది సరే... ఇంట్లో లెక్క తేలిందా?

మద్దూరు మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట, బోరులో నీళ్లుంటేనే మడి. 2016 అక్టోబరు 11న ఈ మండలం వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది. జిల్లా మారినంత మాత్రాన బతుకుదెరువు కోసం ఊరు దాటే అలవాటు పోతుందా? ఒకప్పుడు ఈ వైపు నేతపనివారు భీవండికి, షోలాపూర్‌కు వెళ్లారు. కూలీలు హైదరాబాద్ బస్సెక్కారు. ఆ తర్వాత గల్ఫు దారి తెరుచుకుంది. సెంట్రింగు, వెల్డింగు, డ్రైవింగు, దర్జీ పని తెలిసిన ముస్లిం యువకులకు ఆ దారి మరింత దగ్గరగా కనిపిస్తుంది. ఉర్దూ వచ్చు, నమాజుకు ఇబ్బంది ఉండదు, వీలు చిక్కితే ఉమ్రా చేసి రావచ్చు అని ఇంట్లో పెద్దలూ సరేనంటారు.

ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. హలాల్ సంపాదన కోసం దూరదేశం వెళ్లడం మనకు కొత్త కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో హజ్రత్ ఖదీజా (రజి) సరుకు తీసుకుని సిరియాకు వర్తకానికి వెళ్లారు. అయితే ఎవరి సరుకు, ఎంత ప్రతిఫలం అన్నది ముందే మాట్లాడుకుని వెళ్లారు. మన కుర్రాళ్లు చాలామంది విమానం దిగాక గానీ తమ జీతమెంతో తెలుసుకోలేకపోతున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

అప్పు లెక్క

ముందుగా కాగితం, కలం తీసుకుని కూర్చోండి. ఏజెంటుకు ఇవ్వడానికి లక్షన్నర అప్పు చేశారనుకుందాం. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. మొదటి నెల వడ్డీ ఒక్కటే 4,500 రూపాయలు. నెలకు 15 వేలు పంపి, అందులో ఒక్క రూపాయి కూడా ఇంటి ఖర్చుకు తీయకపోతే అప్పు తీరడానికి ఏడాది పడుతుంది. పిల్లల ఫీజులకు, అమ్మానాన్నల మందులకు సగం తీశారంటే 31 నెలలు పడుతుంది. అంటే రెండేళ్ల ఒప్పందం ముగిసి, మనిషి తిరిగి వచ్చినా అప్పు ఇంకా మిగిలే ఉంటుంది. దానికి పొలం కాగితాలు తాకట్టు పెట్టి ఉంటే ఆ ఇంటి గతి ఏమిటి?

వడ్డీ హరామని మనకు తెలుసు. హలాల్ సంపాదన కోసం చేసే ప్రయాణాన్ని వడ్డీతో మొదలుపెట్టడం ఎంతవరకు సబబు? జనాజా నమాజు చదివించే ముందు ప్రవక్త (స) చనిపోయిన వ్యక్తికి అప్పులున్నాయా అని అడిగేవారని హదీసులు చెబుతున్నాయి. ఒకసారి మృతుడి అప్పుకు హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడిన తర్వాతే ఆయన నమాజు చదివించారు. అప్పు అంత బరువైనది.

ఇంకో సంగతి. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. అది 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. మరి లక్షన్నర ఎందుకు అడుగుతున్నాడని నిలదీయండి. రశీదు ఇవ్వనన్నాడంటే అక్కడే ఆగిపోవడం మేలు.

రాసుకోవడం నామోషీ కాదు

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలో ఉంది. అది అప్పు వ్యవహారాన్ని సాక్షుల ఎదుట రాసుకోమని చెప్పే ఆయత్. మాట మీద నమ్మకం మంచిదే గానీ, కాగితం కావాలనడం అపనమ్మకం కాదు.

1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. పదో తరగతి పాసు కానివారు గల్ఫు దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఈ అనుమతితోపాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షల రూపాయలు కుటుంబానికి అందేలా 2017లో దాన్ని సవరించారు. విజిట్ వీసాపై పంపి, అక్కడికి వెళ్లాక పని వీసా ఇప్పిస్తానని చెప్పేవాడి వెంట వెళితే అనుమతీ ఉండదు, బీమా ఉండదు, జీతం ఎగ్గొడితే అడగడానికి ఆధారమూ ఉండదు.

ఒప్పందంలో జీతం, పని గంటలు, బస, భోజనం, తిరుగు టిక్కెట్టు ఎవరిదన్నది స్పష్టంగా ఉందో లేదో చదివించుకోండి. ఆ దేశపు చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లుగా నిర్ణయించారు. బస, భోజనం యజమాని ఇవ్వకపోతే వాటికి 500, 300 రియాళ్లు అదనం. ఈ సంగతి తెలిసినవాణ్ణి 800 రియాళ్ల కాగితం మీద సంతకం పెట్టించడం అంత సులువు కాదు.

అన్నీ సవ్యంగా ఉన్నా మన చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లో చొరబడినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులు ఉన్నదంతా వదిలి రావాల్సి వచ్చింది. 2016లో సౌదీలో వేలాది మంది మన కార్మికులు నెలల తరబడి జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. 2020లో కరోనా వచ్చింది. అందుకే ఇల్లంతా ఒక్క జీతం మీదే ఆధారపడకుండా చూసుకోవాలి. ఉన్న కొద్ది పొలాన్ని, కుట్టుమిషన్‌ను, దుకాణాన్ని అమ్మి వెళ్లడం క్షేమం కాదు.

ఇంట్లో అడిగారా?

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతుండగా, యుద్ధానికి వెళ్లిన భర్త కోసం ఓ ఇల్లాలు పడుతున్న వేదన ఆయన చెవిన పడింది. కూతురు హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, నాలుగు నెలలకు మించి ఏ సైనికుణ్ణీ ఇంటికి దూరంగా ఉంచరాదని ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని కథనాల్లో ఆరు నెలలని ఉంది. మన గల్ఫు ఒప్పందాలు సాధారణంగా రెండేళ్లవి. ఖలీఫా అంతటివాడు ఆడకూతురి మాట అడిగి నిర్ణయం తీసుకుంటే, మన ఇళ్లలో మాత్రం భార్యకు టిక్కెట్టు తేదీ తప్ప మరేమీ చెప్పరు. నాన్నను ఫోనులోనే చూస్తూ పెరిగే పిల్లలు, ముసలి అత్తమామలు, నెలనెలా గడప తొక్కే అప్పులవాళ్లు... ఇదంతా మోసేది ఆమే. ఆమె ఒప్పుకోలు లేని ప్రయాణం సగం ప్రయాణమే.

కాబట్టి మష్వరా ఇంటి నుంచి మొదలుపెట్టండి. భార్యతో, తల్లిదండ్రులతో మాట్లాడండి. అదే కంపెనీలో పనిచేసి వచ్చినవాడు పొరుగూళ్లో ఉంటే వెళ్లి కలవండి. ఏజెంటు చెప్పని సంగతులు అతను చెబుతాడు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్‌లోనూ విచారించండి. అన్నీ తెలుసుకున్నాక రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చదివి అల్లాహ్‌ను మేలు కోరండి. విచారణ చేయకుండా ఇస్తిఖారా ఒక్కటే చాలనుకోవడం ఒంటెను కట్టకుండా దేవునిపై భారం వేయడం లాంటిది.

లెక్క కుదిరి, కాగితాలు సరిగా ఉండి, ఇంట్లోవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే బిస్మిల్లా అని బయలుదేరండి. కుదరకపోతే ఆగిపోండి. వెల్డింగు నేర్చిన చేతికి సిద్దిపేటలోనూ పని దొరుకుతుంది. పాస్‌పోర్టు బీరువాలో ఉంచుకుని ఇంట్లో ఉండిపోయినవాడు ఓడిపోయినవాడేమీ కాదు. పొలం అమ్మి వెళ్లి, అప్పుతో తిరిగి వచ్చిన వాడి ఇంటికి ఒకసారి వెళ్లి చూస్తే ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.