ఒక్కతే సైకిల్ మీద దేశమంతా తిరగొచ్చా?

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు సైకిల్ మీద పోతనంటే మనల్ని పోనిస్తారా? "లారీల రోడ్డు, ఆడపిల్లవు, ఒక్కదానివి" అంటారు.

మధ్యప్రదేశ్‌లో రాజ్‌గఢ్ జిల్లా పల్లెటూరి అమ్మాయి ఆశా మాలవీయ 2022 నవంబరు 1న భోపాల్ నుంచి ఒక్కతే సైకిల్ మీద బయలుదేరింది. 28 రాష్ట్రాలు, 25,000 కిలోమీటర్లు తిరగాలని ఆమె సంకల్పం. ఆడపిల్ల ఈ దేశంలో ఒంటరిగా తిరగగలదని చూపించడమే ఉద్దేశం. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి ముఖ్యమంత్రిని కూడా కలిసింది.

అంత దూరం ఎట్లా సాధ్యం? లెక్క వేద్దాం. రోజుకు 80 కి.మీ. తొక్కితే 25,000 కి.మీ.కు సుమారు 313 రోజులు. గంటకు 16 కి.మీ. పోతే రోజుకు 5 గంటలే! కావలసింది వేగం కాదు, రోజూ తొక్కే ఓపిక.

ధైర్యం ఒక్కటే చాలదు. పంక్చర్ సామాను, పానా, గాలి పంపు వెంట ఉండాలె. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగాలె. తెల్లారంగనే బయలుదేరి, చీకటి పడకముందే ఆగాలె. ఒంటరి ప్రయాణమంటే చెప్పకుండా పోవడం కాదు. రాత్రి ఎక్కడ ఉంటమో ఇంట్లో ముందే చెప్పాలె.

మన బొంబాయి రోడ్డు మీద ఫ్యాక్టరీ లారీలు ఎక్కువ. భయం నిజమే. అందుకని సైకిలే నేర్చుకోవద్దా?

వార్డెన్ మేడం గారికి మనవి: ఆదివారాలు గ్రౌండులో మాకు సైకిల్ నేర్పించండి. పంక్చర్ వేయడం కూడా!

— 9వ తరగతి విద్యార్థిని