పడకగది గోడ వెనక చప్పుడు: అపోహలు – వాస్తవాలు

మల్లాపూర్ మండలంలో బాయిలర్ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. అది 2015లో మూతపడింది. ఇప్పుడు నీళ్లు కాచే పని ఇళ్లలో గీజర్లది. గల్ఫ్ సంపాదనతో కట్టిన కొత్త స్లాబు ఇళ్లలో బాత్రూం పడకగదికి ఆనుకునే ఉంటుంది, మంచం తలాపున ఉన్న గోడకే అవతలివైపు గీజర్ వేలాడుతుంది. చలికాలం తెల్లవారుజామున ఎవరో స్విచ్ వేస్తారు, ఇవతల నిద్ర పోతుంది. దీనికి నలుగురూ చెప్పే మందులు చాలావరకు పనిచేయవు. ఒకటైతే ప్రాణాల మీదికే తెస్తుంది.

అపోహ: గీజర్ గురగురమంటే పేలబోతోందని అర్థం. వెంటనే మార్చేయాలి.

వాస్తవం: చాలాసార్లు అది సున్నం చేసే చప్పుడు. బోరు నీళ్లలోని కాల్షియం వేడికి తెల్లటి పొరగా మారి హీటింగ్ రాడ్డును పట్టేస్తుంది. ఆ పొర కింద చిక్కుకున్న నీరు ఆవిరై, బుడగలు పగులుతూ గురగుర, చిటపట వినిపిస్తాయి. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో గదులను వెచ్చబెట్టే బాయిలర్ మోగినా తరచూ కారణం ఇదే. మెకానిక్‌ను పిలిచి రాడ్డు తీయించి సున్నం వదిలించండి, తుప్పు పట్టకుండా కాపాడే యానోడ్ రాడ్డు అరిగిపోతే మార్పించండి. వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువగా పేరుకుంటుంది కాబట్టి థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. నీళ్లు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు కారడం మామూలే. కారుతోందని దానికి బిరడా బిగిస్తే మాత్రం, లేని పేలుడు భయాన్ని మనమే తెచ్చుకున్నట్టు. మరుగుతున్న నీళ్లో ఆవిరో వాల్వులోంచి ఎగజిమ్మితే స్విచ్ ఆపేసి మనిషిని పిలవాల్సిందే.

అపోహ: గుడ్ల అట్టలు, థర్మోకోల్ గోడకు అంటిస్తే శబ్దం ఆగుతుంది.

వాస్తవం: అవి గది లోపలి ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి, అంతే. అవతలి శబ్దాన్ని ఆపేది బరువు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కంటే తొమ్మిది అంగుళాల గోడ మేలు. అంతకంటే ముందు సందులు చూడాలి: గోడ విస్తీర్ణంలో నూరో వంతు ఖాళీ ఉన్నా, ఆ గోడ ఎంత మందమైనదైనా 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. తలుపు కింద రబ్బరు పట్టీ గుడ్ల అట్టల కంటే నయం.

అపోహ: చప్పుడు చేసే దాన్ని పెట్టెలో మూసేస్తే సరి.

వాస్తవం: ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. గ్యాస్ గీజర్‌కు గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరిగిందనుకునేలోపే మనిషి పడిపోతాడు. చప్పుడు కోసం పొగగొట్టాన్ని, వెంటిలేటర్‌ను మూయకండి. అసలు గ్యాస్ గీజర్‌ను బాత్రూం లోపల పెట్టకపోవడమే మంచిది.

అపోహ: పంపును గోడకు గట్టిగా బిగిస్తే అదరదు, మోగదు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. గోడకు బిగించిన ప్రెషర్ పంపుకు ఆ గోడే డప్పు చర్మం అవుతుంది. అదురు కాంక్రీటు వెంట పాకి, రెండు గదుల అవతల మంచం దాకా వస్తుంది. పంపును విడిగా దిమ్మె మీద, కింద మందపాటి రబ్బరు ముక్కలతో పెట్టండి. పంపుకూ పైపుకూ మధ్య జానెడు వంగే గొట్టం వేయించండి. నల్లా కట్టగానే ధడేల్మనే పైపుకు రబ్బరు క్లాంపులు బిగిస్తే చాలావరకు నెమ్మదిస్తుంది.

అపోహ: అలవాటైతే చెవికి పట్టదు.

వాస్తవం: సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) పక్కనే పుట్టి పెరిగినవాళ్లు ఈ మాట అంటారు. మనసుకు అలవాటవుతుందేమో, చెవికి కాదు. షటిల్ సాంచాలు నడిచే షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది. 85 దగ్గర రోజూ ఎనిమిది గంటలు ఏళ్ల తరబడి గడిపినా వినికిడికి ముప్పే. అలా పోయిన వినికిడి తిరిగి రాదు. నిద్రలో మనకు తెలియకుండానే గుండె వేగం శబ్దానికి మారుతుంది. ఇంకో లెక్క కూడా చాలామందికి మింగుడుపడదు: ఎనిమిది సాంచాల్లో నాలుగు ఆపితే శబ్దం సగం కాదు, 3 డెసిబెళ్లే తగ్గుతుంది. చెవికి సగమైనట్టు తోచాలంటే సుమారు 10 తగ్గాలి. అందుకే రాత్రి కొన్ని ఆపి కొన్ని నడిపే రాజీ పక్కింటివాళ్లకు పెద్దగా ఒరగబెట్టదు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లు. పడకగది లోపల 30 దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు స్లాబు పడకముందే మేస్త్రితో, ప్లంబర్‌తో రెండు మాటలు తేల్చుకోండి: గీజర్ మంచం తలాపు గోడకు వద్దు, పంపు పడకగది పైన వద్దు.